తెల్ల డబ్బాల బదిలీలు

తెలుగిళ్ళ వంటగదుల్లో కొన్నేళ్ళుగా బదిలీల కాలం నడుస్తోంది. పంచదార డబ్బా చేతికందని పై అరకు వెళ్ళిపోయింది. దాని చోటికి బెల్లం పొడి వచ్చింది. మైదా ఏకంగా ఇల్లు ఖాళీ చేసింది. రిఫైండ్ ఆయిల్ ప్యాకెట్ ఉండే మూలలో గానుగ నూనె సీసా కూర్చుంది. బియ్యం డబ్బా పక్కన కొర్రలు, సామలు, అండుకొర్రలు, ఊదలు, అరికెలు వరసగా నిలబడ్డాయి. ఏది ఏదో గుర్తుండదు కాబట్టి మూతల మీద చీటీలు. చివరికి ఉప్పు కూడా తెలుపు మానేసి గులాబీ రంగుకు మారింది. ఇంట్లో ఎవరి షుగర్ రిపోర్టు ఎప్పుడొచ్చిందో కనుక్కుంటే ఈ ఉత్తర్వులు ఏ తేదీన వెలువడ్డాయో చెప్పొచ్చు.

ఉత్తర్వులు మారడమూ, అవి ఇచ్చే ఆరోగ్య గురువులు మారడమూ మామూలే. ఒకప్పుడు మంతెన సత్యనారాయణరాజు గారి ప్రసంగాలు విని ఉప్పూ నూనే లేని కూరలు వండిన ఇల్లే, తర్వాత వీరమాచనేని రామకృష్ణ గారి మాట మీద అన్నం మానేసి కొబ్బరినూనె తాగింది. ఆ మీదట ఖాదర్ వలీ గారి సిరిధాన్యాల అంబలి కాచుకుంది. ఒకరు నూనె వద్దంటే ఇంకొకరు నూనే మందన్నారు. పంచదార, మైదా, తెల్లబియ్యం దగ్గర మాత్రం ముగ్గురూ ఒక్కటే. అందుకే గురువులు మారినా పంచదార, మైదా డబ్బాలకు మళ్ళీ పోస్టింగు రాలేదు.

నిజానికి ఈ తెలుపు మన వంటింట్లోకి దిగి ఎంతో కాలం కాలేదు. బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ మొదలైంది 1937లో. డాల్డా మార్కెట్లోకి వచ్చింది కూడా ఆ ఏడాదే. తెల్లబియ్యం అందరి కంచంలోకీ రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. తెలంగాణలో జొన్న గటక, సీమలో రాగి సంకటి, మెట్ట ఊళ్ళలో కొర్రన్నం రోజువారీ తిండిగా ఉన్నప్పుడు వరన్నం పండక్కో, చుట్టం వస్తేనో వండేది. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చాక ఆ తేడా చెరిగిపోయింది. ఆ బియ్యం వల్లే జొన్న చేలు తగ్గిపోయాయని ఇవాళ విమర్శించేవాళ్ళు ఉన్నారు. అందులో నిజం లేకపోలేదు. కానీ కరువు ఏళ్ళలో అంబలితో సరిపెట్టుకున్న మనిషికి ఆ తెల్లటి ముద్ద ఏమిటో, మూడు పూటలా తిని విసుగెత్తినవాళ్ళకు అర్థం కావడం కష్టం.

కోస్తా జిల్లాలకు మాత్రం తెలుపు తన బిల్లు చాలా ముందే చూపించింది. 1890ల్లో జావా ద్వీపంలో క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు, పాలిష్ పట్టిన బియ్యం తిన్న కోళ్ళు కాళ్ళు చచ్చుబడి పడిపోవడం, తవుడు పెడితే లేచి తిరగడం గమనించాడు. దానికి 1929లో ఆయనకు నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. మనుషుల్లో ఆ జబ్బు పేరు బెరిబెరి. మద్రాసు రాష్ట్రంలో అది పాతుకుపోయిన ప్రాంతం ఉత్తర సర్కారులు, అంటే మన కోస్తా జిల్లాలే. కారణం వంటింట్లోనే దొరికింది. తమిళ, మలయాళ దేశాల్లో చాలామంది ఉప్పుడు బియ్యం తింటారు. వడ్లను ఉడికించి ఆరబెట్టినప్పుడు తవుడు పొరలోని బి1 విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది. ఆ తర్వాత మిల్లులో పడినా చాలావరకు మిగులుతుంది. మనవాళ్ళకు ఉప్పుడు బియ్యం వాసన గిట్టదు. పచ్చి బియ్యమే కావాలి, అదీ మల్లెపువ్వులా ఉండాలి. పైగా నాలుగు నీళ్ళలో కడిగి, గంజి వార్చి పారబోస్తే ఇంక మిగిలేదేముంటుంది?

ఆ జబ్బు అంతు చూడటానికి 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఒక చిన్న పరిశోధన విభాగం పెట్టాడు. అదే పెరిగి పెద్దదై, 1950ల చివర్లో హైదరాబాదుకు తరలివచ్చి, ఇవాళ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అయింది. దేశానికంతటికీ ఏం తినాలో చెప్పే ఆ సంస్థ మూలాలు వెతికితే ఇలా బియ్యం పాలిష్ దగ్గరే తేలుతాయి.

కథలో తాజా మలుపు ఇంకా తమాషాగా ఉంటుంది. ఇటీవలి ఏళ్ళలో రేషన్ బియ్యంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 చేర్చిన గింజలు కలిపి ఇచ్చారు, క్వింటాలుకు కిలో చొప్పున. మిల్లులో కొన్ని పోషకాలు పోగొట్టి, ఇంకో మిల్లులో కొన్ని కలిపి పంపడమన్నమాట. ఆ గింజలు కాస్త వేరే రంగులో ఉంటాయి, నీళ్ళలో తేలతాయి. దాంతో ప్లాస్టిక్ బియ్యం అన్న పుకారు పుట్టింది. కష్టపడి కలిపిన విటమిన్‌ను చాటలో ఏరి పారేసిన ఇళ్ళు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి.

ఇదంతా విని పూర్వం తిన్నదంతా అమృతమే అని తీర్మానించేవాళ్ళకు ఆ పోషకాహార సంస్థే ఇంకో సంగతి చెబుతుంది. సి.గోపాలన్, ఎస్.జి.శ్రీకాంతియా 1960 ప్రాంతంలో హైదరాబాదులో పెల్లాగ్రా రోగులను పరిశీలించారు. చర్మం మాడినట్టు నల్లబడి పగిలే జబ్బు అది. వచ్చినవాళ్ళు దక్కన్‌లో జొన్నలే ఆధారంగా బతికే పేదలు. జొన్న చెడ్డదని దీని అర్థం కాదు; పప్పూ పాలూ కూరా లేకుండా ఏ గింజ ఒక్కటే తిన్నా ఒళ్ళు ఊరుకోదు. బెరిబెరి బియ్యం తినే చోట వచ్చింది, పెల్లాగ్రా జొన్న తినే చోట వచ్చింది. రెండుచోట్లా కంచంలో రెండో వస్తువు లేదు.

మరి గింజను అంత కష్టపడి తెల్లగా చేయడం ఎందుకు? అందం ఒక కారణం. అసలు కారణం నిల్వ. బియ్యం మీది తవుడులో, గోధుమ మొలకలో నూనె ఉంటుంది. అది గాలి తగిలి మక్కుతుంది, పురుగును పిలుస్తుంది. తీసేస్తే బస్తా నెలల తరబడి గోదాములో కదలకుండా ఉంటుంది. పంచదారా అంతే, బెల్లంలా చెమ్మగిల్లదు, బూజు పట్టదు. రిఫైండ్ నూనెకు వాసన లేదు, మడ్డి లేదు. అంటే రిఫైన్ చేయడమన్నది మొదట వర్తకుడి ఇబ్బంది తీర్చింది, తర్వాత వంటమనిషి ఇబ్బంది తీర్చింది. ఇప్పుడు పాతవాటికి మళ్ళుతున్న ఇల్లు ఆ ఇబ్బందులన్నిటినీ తిరిగి తలకెత్తుకుంటోంది. దంపుడు బియ్యం పాతిక కిలోల బస్తా కొని మూడో నెల ముక్కు మూసుకున్నవాళ్ళు, ఇది మనకు పడదని తేల్చేస్తారు. ఐదు కిలోలు కొని ఉంటే పడేదే.

బెల్లం తెచ్చే ఇబ్బంది ఏమిటో సేమ్యా పాయసం దగ్గర తెలుస్తుంది. పంచదారతో ఎవరు చేసినా వస్తుంది. బెల్లంలో కాస్త పులుపు గుణం ఉంది. మరిగే పాలలో పడితే పాలు విరుగుతాయి. అందుకే చెయ్యి తిరిగినవాళ్ళు బెల్లాన్ని విడిగా కాసిని నీళ్ళలో కరిగించి, పొయ్యి కట్టేసి, పాయసం వేడి తగ్గాక పోస్తారు. పరమాన్నంలో గింజ పూర్తిగా ఉడికాకే వేస్తారు, తీపి తగిలిన బియ్యం ఇక మెత్తబడదు. కరిగించిన బెల్లాన్ని వడకట్టడం చాదస్తం కాదు. గిన్నె అడుగున మిగిలినదాన్ని వేళ్ళ మధ్య రాసి చూస్తే సన్నటి ఇసుక, చెరకు పీచు, అప్పుడప్పుడు ఒక చీమ.

కేకు దగ్గర లెక్క ఇంకా సూక్ష్మం. వెన్న, పంచదార కలిపి గిలక్కొట్టేటప్పుడు పంచదార పలుకులు వెన్నలోకి గాలిని చొప్పిస్తాయి. కేకు పొంగడంలో సగం పని అక్కడే అయిపోతుంది. బెల్లం పానకానికి పలుకు లేదు, అది గాలిని నిలపదు. కాబట్టి పొంగించే పని ఇంకొకరికి అప్పజెప్పాలి. పెరుగు, వంట సోడా ఆ పని చేస్తాయి: పెరుగులోని, బెల్లంలోని పులుపు సోడాతో కలిసి బుడగలు పుట్టిస్తుంది. పిండిలో చివరి క్షణాన సోడా కలిపి, గాస్కెట్టూ వెయిట్టూ తీసేసి అడుగున ఉప్పు పరిచి వేడెక్కించిన కుక్కర్లో వెంటనే దింపాలి. ఆలస్యమైతే బుడగలు గాలికి పోతాయి. సోడా చిటికెడు ఎక్కువైతే సబ్బు రుచి. మంట పంచదార కేకుకు పెట్టినంత పెడితే లోపల పచ్చిగా ఉండగానే పైన ముదురు రంగు తిరిగి అంచులు మాడతాయి. ఇవన్నీ దాటితే దక్కేదీ ఉంది: బెల్లం తేమను వదలదు, కేకు మర్నాటికి మరింత మెత్తగా ఉంటుంది. అదే గుణం బిస్కెట్లకు శత్రువు. కరకరలాడిన బెల్లం బిస్కెట్ రెండో రోజుకే మెత్తబడి కూర్చుంటుంది, డబ్బా మూత ఎంత గట్టిదైనా.

ఇంత శ్రమపడ్డాక వచ్చే ఆరోగ్యమెంత? ఇక్కడే వంటింటి లెక్కలు కాస్త తడబడతాయి. బెల్లంలో అధిక భాగం పంచదారలో ఉన్న సుక్రోజే. వంద గ్రాములకు పంచదార 400 కేలరీల దాకా ఇస్తే బెల్లం కాస్త తక్కువ, అంతే. ఇనుము ఉన్నమాట నిజమే కానీ, పది గ్రాముల ముక్కలో అర మిల్లీగ్రాము ఉంటే గొప్ప. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) లెక్కలో స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలి. తోటకూర పప్పు చేయగల పనిని బెల్లం ముక్క నెత్తిన పెట్టడం దానికీ అన్యాయమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చక్కెర మీద పెట్టిన హద్దుకు, అంటే రోజు మొత్తం కేలరీల్లో పది శాతం, వీలైతే ఐదు శాతం లోపు, బెల్లానికీ తేనెకూ మినహాయింపు లేదు. ఐదు శాతమంటే సుమారు ఆరు చెంచాలు. "బెల్లమే కదమ్మా, ఇంకో రెండు వెయ్యి" అన్న మాట షుగర్ ఉన్నవాళ్ళ ఇంట్లోనే ఎక్కువ వినిపించడం విచిత్రం. పంచదార వేసేటప్పుడు భయంతో ఆగిన చెయ్యి బెల్లం దగ్గర ధైర్యంగా సాగుతుంది.

పైగా బెల్లాన్ని కూడా తెలుపు వదల్లేదు. అనకాపల్లి దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి. కొనేవాళ్ళు లేత పసుపు దిమ్మ వైపే చెయ్యి చాపుతారని తెలిసి, రసం కాగేటప్పుడు హైడ్రోస్ అనే రసాయనం వేసి రంగు విరిచే అలవాటు వండేవాళ్ళకు వచ్చింది. అంటే పంచదార మానేసి తెచ్చుకున్న బెల్లంలో బంగారు రంగు ఎంత మెరిస్తే అంత అనుమానించాలి. ముదురు గోధుమ రంగుదే నయం. మరీ నల్లబెల్లం అయితే ఇంకో చిక్కు, నాటుసారాకు అదే ముడిసరుకు కావడంతో ఎక్సైజ్ వాళ్ళ కన్ను దాని మీద ఉంటుంది. ఆరోగ్యం కోసమే బస్తా కొన్నామంటే వాళ్ళు నమ్మడం కష్టం.

మైదాకు బదులు వెతకడంలో మన వంటకే ఒక హద్దు ఉంది. తాపేశ్వరం మడత కాజాను గోధుమపిండితో చేస్తే అది ఇంకేదో అవుతుంది. పొరలు పొరలుగా విడాలంటే పిండి తెగకుండా కాగితంలా సాగాలి. గోధుమపిండిలోని పొట్టు తునకలు ఆ సాగే గ్లూటెన్ పోగుల్ని ఎక్కడికక్కడ తెంపుతాయి. బొబ్బట్లలో మాత్రం గోధుమపిండి చక్కగా ఒదుగుతుంది. కాస్త నీళ్ళు ఎక్కువ పోసి జారుగా కలిపి, నూనెలో రెండు మూడు గంటలు నాననిస్తే పొట్టు మెత్తబడి పూర్ణం మీద వేలితో తోసినంత మేర పరుచుకుంటుంది. తెలంగాణలో భక్ష్యాలు చేసే చాలా ఇళ్ళలో మైదా ఊసే లేదు. కేకులోనూ అదే కిటుకు, పిండి కలిపాక పావుగంట నానాలి, రెండు మూడు చెంచాల పాలు ఎక్కువ పడాలి, గరిటె తక్కువ తిరగాలి. ఎక్కువ తిప్పితే తీపి చపాతీ తిన్నట్టుంటుంది. సగం మైదా, సగం గోధుమపిండి వేసుకునే రాజీమార్గం ఉంది. దాన్ని ఓటమి అనుకోనక్కర్లేదు. పిల్లలు వదిలేసిన నూరు శాతం గోధుమ కేకు కంటే, తిన్న సగం కేకే లాభం.

బయట కొనేవాళ్ళకు ఒక్క మాట. గోధుమ రంగు బ్రెడ్డంతా గోధుమ బ్రెడ్డు కాదు, కారమెల్ రంగు చాలు మైదాను ముస్తాబు చేయడానికి. ప్యాకెట్ వెనక పదార్థాల జాబితాలో ముందున్నదే ఎక్కువ ఉన్నట్టు లెక్క. 'రాగి' అని ముందు పెద్దక్షరాలతో ఉన్న బిస్కెట్ వెనక మొదటి పేరు 'రిఫైండ్ వీట్ ఫ్లోర్', అంటే మైదా అయి ఉండొచ్చు, ఆ తర్వాత చక్కెర, పామాయిల్. రాగి ఎన్నో స్థానంలో ఉందో వెతుక్కోవాలి.

ఇంట్లో అయితే రాగి బిస్కెట్టే కొత్తవాళ్ళకు సులువైన పాఠం. రాగిలో గ్లూటెన్ లేదు కాబట్టి కేకులో అది ఒంటరిగా నిలబడలేదు, విరిగి పొడవుతుంది. బిస్కెట్‌కు కావాల్సింది అలా పొడిపొడిగా విరగడమే. పిండిని నేతిలో పచ్చివాసన పోయేదాకా వేయించడం ఒక్కటే మెళకువ. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, బియ్యం దాని దరిదాపుల్లోకి రాదు.

2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక ఈ గింజలకు పట్టణంలో గిరాకీ వచ్చింది. గిరాకీతో పాటు పాలిష్ కూడా వచ్చింది. నిగనిగలాడే కొర్రలు పావుగంటలో ఉడుకుతాయి. పొట్టు పొర మిగిలిన కొర్రలు కొన్ని గంటలు నానితే గానీ లొంగవు. కిరాణా కొట్లో రెండూ పక్కపక్కనే ఉంటే చెయ్యి దేని మీదికి పోతుందో చెప్పనక్కర్లేదు. బియ్యంతో చేసిన పనే కొర్రలతోనూ చేసి, కొర్రలు తింటున్నామని అనుకోవడం ఇది.

నూనె సంగతిలో పాతదే గట్టిదని ఆవకాయ జాడీ ఏటా రుజువు చేస్తుంది. పప్పునూనెను రిఫైన్ చేయకపోయినా నువ్వుల్లోని సహజ గుణాలు దాన్ని త్వరగా మక్కనివ్వవు, అందుకే కోస్తా ఊరగాయలకు తరాలుగా అదే. వేరుశనగ గానుగ నూనెకు అంత ధీమా పనికిరాదు. బూజు పట్టిన పల్లీలు గానుగలో పడితే అఫ్లటాక్సిన్ అనే విషం నూనెలోకి దిగుతుంది. రిఫైనరీలో క్షారంతో కడిగినప్పుడు అది చాలావరకు పోతుంది, గానుగలో పోదు. కాబట్టి గానుగ నూనె కొనేవాళ్ళు కట్టె గానుగా ఇనప గానుగా అని అడగడం కంటే, ఆడించే పల్లీలు చూపించమని అడగడం మేలు. ఇక ఏ నూనె అయినా గ్రాముకు తొమ్మిది కేలరీలే.

ఉప్పు దగ్గర మాత్రం ఈ బదిలీ తిరగబడుతుంది. తెల్ల ఉప్పులో అయోడిన్ కలుపుతారు; గాయిటర్‌ను అడ్డుకోవడానికి దేశం దశాబ్దాలు పడిన పాటు అది. గులాబీ రాతి ఉప్పులో సాధారణంగా ఆ అయోడిన్ కలిపి ఉండదు, దాని రంగుకు కారణమైన ఖనిజాలు వేసుకునే చిటికెడులో లెక్కకు రావు. ధర మాత్రం చాలా రెట్లు. ఇంట్లో గర్భిణులు, పసిపిల్లలు ఉన్నప్పుడు ఈ మార్పు తెలివితక్కువ పని.

ఇన్ని మార్పుల్లో ఒంటికి పట్టేది ఏదని అడిగితే, 2025లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం కొంచెం చేదుగానే జవాబు చెప్పింది. పద్దెనిమిది వేల మందికి పైగా తిండి లెక్కలు చూస్తే సగటున 62 శాతం కేలరీలు పిండి పదార్థాల నుంచే వస్తున్నాయి. తెల్లబియ్యం తీసి అంతే కొలత గోధుమపిండో చిరుధాన్యాల పిండో పెట్టినంత మాత్రాన మధుమేహం ముప్పు తగ్గిన జాడ కనిపించలేదు. పిండి పదార్థం వాటా కొంత తగ్గించి ఆ చోట పప్పు, పాలు లాంటి ప్రొటీన్ పెట్టిన లెక్కలోనే తేడా కనిపించింది. అంటే ఏడాదికోసారి చేసే పుట్టినరోజు కేకులో మైదా ఎంత అన్న చర్చకు పట్టే సమయంలో, రెండు పూటలా కంచంలో పడే అన్నం కొలత, దాని పక్కన పప్పు గరిటె కొలత చూసుకోవచ్చు. అన్నం తగ్గించమంటే మనింట్లో అది అలక కిందికి వస్తుంది కాబట్టి ఈ చర్చ కేకు మీదికి మళ్ళుతుందేమో.

ఈ లెక్కకు సరిపోయే పలహారం కొత్తగా కనిపెట్టక్కర్లేదు, కోస్తాలో పొద్దున్నే దొరుకుతుంది. పొట్టు తీయని పెసలు రాత్రి నానబెట్టి, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి రుబ్బి పోసిన పెసరట్టు. వంద గ్రాముల పెసల్లో ఇరవై గ్రాములకు పైగా ప్రొటీన్. పులియబెట్టే పని లేదు, బియ్యం వేసినా కరకర కోసం గుప్పెడే. ఉల్లిముక్కలు చల్లి, అంచుల చుట్టూ పప్పునూనె చుక్కలు వేసి కాలిస్తే అల్లప్పచ్చడితో రెండు తినొచ్చు. హోటల్లో ఎమ్మెల్యే పెసరట్టు కావాలన్నవాళ్ళకు మాత్రం లోపల మడతలో బొంబాయి రవ్వ ఉప్మా వస్తుంది.